ముందు కెరటం, తర్వాతే హోటల్

బెజవాడ బెంజ్ సర్కిల్ నుంచి సముద్రానికి మూడు దారులున్నాయి. ఫ్లైఓవర్ మీదుగా ఏలూరు వైపు పోతే విశాఖ, గుంటూరు వైపు పోతే చెన్నై. ఫ్లైఓవర్ ఎక్కకుండా కింద బందరు రోడ్డు పట్టుకుని కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటితే రెండు గంటల్లో మంగినపూడి. మన కుర్రాళ్లు మాత్రం ఈమధ్య నాలుగో దారి పడుతున్నారు. హైదరాబాదు వెళ్లి, శంషాబాద్‌లో విమానమెక్కి, బాలి. ఎందుకయ్యా అంటే సర్ఫింగ్ నేర్చుకోవడానికి.

నాకేం అభ్యంతరం లేదు. సముద్రమంటే పకోడీలు, సెల్ఫీలు, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకోవడం మాత్రమే కాదని ఒక తరానికి తోచింది, మంచిదే. నా పేచీ వాళ్లు ప్లాన్ వేసే వరసతోనే. ముందు సెలవులు చూస్తారు, తర్వాత టికెట్లు, ఆ తర్వాత ఫొటోల్లో బాగున్న హోటలు. ఆ వారం అక్కడ సముద్రం ఎలా ఉంటుందని అడిగేవాడు ఆ వాట్సాప్ గ్రూపులో ఒక్కడూ ఉండడు.

2024లో ఒలింపిక్స్ జరిగింది పారిస్‌లో. సర్ఫింగ్ పోటీలు మాత్రం భూగోళానికి అవతలి వైపున్న తాహితి దీవిలో పెట్టారు. కెరటం అక్కడుంది కాబట్టి పోటీ అక్కడికి వెళ్లింది. మనమూ అలాగే లెక్క వేసుకోవాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా గోవా, వర్కల తీరాల మీద నైరుతి విరుచుకుపడుతుంది. కొత్తవాళ్లు ఆ నీళ్లలో దిగే పనే లేదు. సరిగ్గా ఆ నెలల్లోనే చెన్నై పక్కన కోవళంలో బోర్డులు బయటికొస్తాయి. శ్రీలంకలో ఈ తేడా ఇంకా తేటగా కనిపిస్తుంది. తూర్పున అరుగం బేలో సీజను సుమారు ఏప్రిల్ చివరి నుంచి అక్టోబరు దాకా. దక్షిణాన వెలిగామలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. అంటే వేసవి సెలవులకు ఒక ఊరు, సంక్రాంతి సెలవులకు ఇంకో ఊరు. దసరా సెలవులకు మన తీరమే అనుకునేవాళ్లు అక్టోబరు, నవంబరు తుఫాన్లను ఒకసారి గుర్తుచేసుకోవాలి. దివిసీమను ముంచిన ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న.

ఇంకో సంగతి. ఈ లెక్కలన్నీ చెప్పే ఆఫీసు సముద్రమే లేని హైదరాబాదులో, ప్రగతినగర్‌లో ఉంది. పేరు ఇంకాయిస్, జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం. సునామీ హెచ్చరికలు ఇచ్చేది వాళ్లే. అల ఎంత ఎత్తు, ఏ దిక్కు నుంచి వస్తోంది, అలకూ అలకూ మధ్య ఎన్ని సెకన్లు, ఇవన్నీ వాళ్లు ముందే చెబుతారు. ఎత్తు అందరూ చూస్తారు. చూడాల్సింది సెకన్లు. 5, 6 సెకన్లకో అల వస్తోందంటే అది దగ్గర్లో గాలి లేపిన గందరగోళం. 12, 14 సెకన్లకొకటి వస్తుంటే ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టి వేల కిలోమీటర్లు నడిచొచ్చిందన్నమాట. సర్ఫర్లు కాసుకుని కూర్చునేది దానికోసమే.

డబ్బు తక్కువగా ఉన్నవాళ్లకు నా ఓటు కోవళానికి. రాత్రి బెజవాడలో రైలెక్కితే తెల్లారేసరికి చెన్నై, అక్కడి నుంచి ఈసీఆర్ రోడ్డు మీద దక్షిణంగా నలభై కిలోమీటర్లు. మత్స్యకార కుటుంబంలో పుట్టిన మూర్తి మేగవన్ 2012లో అక్కడ సర్ఫింగ్ బడి పెట్టాడు. 2025 ఆగస్టులో మహాబలిపురంలో జరిగిన ఆసియా పోటీల్లో కాంస్యం గెలిచిన రమేశ్ బుదిహాల్ మాత్రం కేరళలో ఉన్న ఇంకో కోవళం నీళ్లలో తేలినవాడు. కొత్తవాళ్లకు మొదటి పాఠం ఇసుకలోనే. బోర్డు మీద బోర్లా పడుకోవాలి. రెండు అరచేతులూ ఛాతీ పక్కన ఆనించి, ఒక్క ఊపున లేచి, మోకాళ్లు వంచి నిలబడాలి. ఇసుకలో పదిసార్లు లేచినవాడు నీళ్లలో మొదటి గంట పడుతూనే ఉంటాడు. కొత్తవాళ్లకు మెత్తటి నురుగు బోర్డు ఇచ్చేది అందుకే, పడ్డాక నెత్తికి తగిలినా బుర్ర పగలకుండా.

విశాఖ కూడా తక్కువేం కాదు. రుషికొండలో కెరటం ఉంది, నేర్పేవాళ్లూ ఉన్నారు. ఆర్కే బీచ్ జోలికి మాత్రం పోకండి, అక్కడి నీటి లాగుడు ఎందరినో మింగింది.

మరి మన మంగినపూడి? నిజం చెప్పాలంటే సర్ఫింగుకు పనికిరాదు. కృష్ణమ్మ తెచ్చి పోసిన నల్ల ఒండ్రు, వాలు లేని అడుగు. కెరటం దూరానే విరిగి, ఒడ్డు చేరేసరికి నురుగే మిగులుతుంది. ఒకప్పుడు కెరటాలకు ఎదురెళ్లే విద్య ఈ తీరానికి బాగా తెలుసు. చెన్నైకి హార్బరు లేని రోజుల్లో ఓడలోని దొరల్ని ఒడ్డుకు చేర్చినవి మసూలా పడవలే. మేకులు కొట్టకుండా కొబ్బరి తాడుతో చెక్కలు కుట్టేవాళ్లు. అల కొడితే వంగేవి గాని విరిగేవి కావు.

అయినా మంగినపూడి లోతు తక్కువ కదా అని ధీమా వద్దు. పౌర్ణమికీ అమావాస్యకూ పోటు ఎక్కువ. కార్తీక పౌర్ణమికి వేలమంది స్నానానికి దిగేది సరిగ్గా ఆ పోటులోనే. పంచాంగం చూసి వెళతాం గాని అందులో పోటు చూడం. ఒడ్డుకొచ్చిన నీళ్లు తిరిగి లోపలికి పోవడానికి ఒక సందు చూసుకుంటాయి. అక్కడ అల విరగదు, నురుగుండదు. మనవాళ్లు నిమ్మళంగా ఉందని అక్కడే దిగుతారు. లాగేసినప్పుడు ఒడ్డుకేసి కొట్టుకుంటే అలసిపోవడమే. ఒడ్డు వెంబడి పక్కకి ఈది ఆ సందులోంచి బయటపడాలి. కానీ ఈదాలంటే ఈత రావాలి కదా.

మా పక్కింటి కుర్రాణ్ణి అదే అడిగాను. బాలి టికెట్లు తీసుకున్నాడు.

"ఈత వచ్చా?"

"బోర్డు తేలుతుందిగా బాబాయ్!"

బోర్డును కాలికి కట్టే తాడు తెగితే బోర్డు ఒక దారిన, వాడొక దారిన పోతారు. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ, మూడు కాలవలు పారే ఊళ్లో పుట్టినవాడి జవాబు అది. నడుముకి బెండ్లు కట్టి గట్టు మీంచి తోసేస్తే ఈత దానంతటదే వచ్చే రోజులుండేవి. ఇప్పుడు ఆ కాలవల్లోకి పిల్లల్ని దింపమని ఏ తల్లికీ చెప్పలేం, చెప్పకూడదు కూడా. ఆ నీటిని అలా చేసిందీ మనమే. కాలవ పోయాక దాని బదులు ఈత నేర్పే ఏర్పాటు ఎన్ని బళ్లలో ఉంది?

2025 జూన్‌లో మంగినపూడిలో మసూలా బీచ్ ఫెస్టివల్ ఘనంగా చేశారు, నీటి ఆటలూ పెట్టారు. పండగ నాలుగు రోజులు, ఆదివారాలు యాభై రెండు. ప్రతి ఆదివారమూ గజ ఈతగాళ్లు, ఎక్కడ దిగొచ్చో ఎక్కడ దిగకూడదో చెప్పే జెండాలు ఉండాలని కలెక్టరు గార్లను అడగాల్సింది మనం. బాలి ప్లాను వేసుకున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మాత్రం ఒక్క మాట. టికెట్లు రద్దు చేసుకోనక్కర్లేదు. వెళ్లేలోపు ఈత క్లాసులో పేరు రాయించుకోండి.