మందు కొట్టెటోడు లెక్కల ఏడి?

1997-98లో వరంగల్ జిల్లా పత్తిని పురుగు తిన్నది. ఎంత మందు కొట్టినా పచ్చపురుగు చావలేదు, మందుకు అలవాటు పడ్డది. అప్పుల పాలైన రైతులు ఆ మందే తాగి చచ్చిండ్రు. 2002లో బీటీ పత్తి వచ్చింది. ఏండ్లు గడిచేసరికి గులాబీరంగు పురుగు దానికీ తట్టుకున్నది.

పరిశోధన పురుగులను లెక్కపెట్టింది, దిగుబడిని తూకమేసింది. వీపున డబ్బా మోసి విషపు గాలి పీల్చే మాల, మాదిగ కూలీ ఆ లెక్కల ఏడి? కలుపు మందొస్తే, కలుపు తీసే మా అక్కల కూలి ఎవరిస్తరు?

అప్పటి వరంగల్ జిల్లాలోని ఏనెబావి ఊరు మందులు మానేసి, వేప కషాయాలతో పండించి చూపింది. దారి ఉన్నది. ఎకరానికి ఎంత మందో చెప్పే ముందు, కొట్టెటోనికి ఏమైతదో చెప్పాలె. పరిశోధన కేంద్రం గేటుకాడ ఇదే అడుగుదాం!