వీపున సంచీ, చేతిలో పద్దు

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఒకప్పుడు పెళ్ళి ఖర్చులూ, ఇంటి అప్పులూ ఎక్కువగా ఉండేవి. ఇప్పుడు ప్రయాణాల లెక్కలు వాటితో పోటీ పడుతున్నాయి. తెనాలి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరానికి జవాబు చెబితే, అలాంటి ఉత్తరాలన్నిటికీ చెప్పినట్టే అవుతుంది.

ఆవిడ సమస్య ఇది. అమ్మాయి చదువు పూర్తిచేసింది. ఉద్యోగంలో చేరడానికి ఇంకా వ్యవధి ఉంది. తనూ, తన పెద్దమ్మ కూతురూ కలిసి, వీపున ఒక సంచీ తగిలించుకుని ఫిబ్రవరిలో థాయిలాండ్, కంబోడియా, వియత్నాం, మలేషియా చూసి వస్తామంటున్నారు. నాలుగు దేశాలు, 15 రోజులు. ఇద్దరి దగ్గరా కలిపి లక్షన్నర ఉంది. అందులో సగం అమ్మాయి రెండేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి కూడబెట్టుకున్నది. తండ్రిగారు, "డబ్బు పోతే పోయింది. ఆడపిల్లలు ఇద్దరే వెళ్ళడమేమిటి?" అని భీష్మించుకు కూర్చున్నారట. "వద్దంటే అది జన్మంతా గుర్తు పెట్టుకుంటుంది, సరేనంటే నాకు నిద్ర పట్టదు. ఏం చెయ్యమంటారు?" అని ఆవిడ అడుగుతున్నారు.

వెళ్ళనివ్వండి. కాని ఇప్పుడు వేసుకున్న పథకంతో మాత్రం వద్దు.

చవకగా తిరిగి రావడమంటే కడుపు మాడ్చుకోవడం, నల్లుల మంచం మీద పడుకోవడం అని చాలామంది అనుకుంటారు. పద్దు రాసి చూడండి, తిండికీ పడకకూ అయ్యేది మనం భయపడినంత ఉండదు. డబ్బును తినేసేది ఒక ఊరి నుంచి మరొక ఊరికి మారడం. మారిన ప్రతిసారీ టిక్కెట్టు, విమానాశ్రయానికి బండి, సామాను రుసుము, కొత్త ఊళ్ళో దారి తెలియక ఇచ్చుకునే అదనపు బాడుగ. వీటన్నిటితోపాటు ఒక పగలు పోతుంది. నాలుగు దేశాల్లో ఏడు మజిలీలంటే 15 రోజుల్లో వారం రోజులు సంచీ సర్దుకోవడానికే సరి. పైగా థాయిలాండ్, కంబోడియాల సరిహద్దు తగాదా 2025లో ముదిరి, జూన్ నెలలో భూమార్గం మూతపడింది. జులైలోనూ, డిసెంబరులోనూ ఏకంగా పోరాటమే జరిగింది. అలాంటి దారిని నమ్ముకుని టిక్కెట్లు కొనుక్కోకూడదు.

అంచేత అమ్మాయిలకు నా సలహా: నాలుగు దేశాలు రెండు చేసుకోండి, దారి తిన్నగా పెట్టుకోండి. హైదరాబాదు నుంచి బ్యాంకాకుకు విమానం. అక్కడినుంచి నేలమీదుగా దక్షిణానికి దిగుతూ మలేషియా. కౌలాలంపూరు నుంచి తిరుగు విమానం. వెళ్ళిన దారినే మళ్ళీ వెనక్కి రావడం ఉండదు. సింగపూరు పక్కనే ఉంది కదా అనిపిస్తుంది. అక్కడికి మనకు వీసా కావాలి, గది అద్దె కూడా బరువే. ఈసారికి వదిలెయ్యండి.

బ్యాంకాకులో నాలుగు రాత్రులు. రాజప్రాసాదానికి విదేశీయుల దగ్గర మనిషికి 500 భాట్లు తీసుకుంటారు. భుజాలూ మోకాళ్ళూ కప్పే బట్టలు ఉండాలి. గేటు దగ్గర పెద్దమనిషి ఎవరో ఎదురొచ్చి, "ఇవాళ సెలవు, నా బండిలో వేరే గుడి చూపిస్తాను" అంటే నవ్వి ముందుకు నడవండి. ఆ బండి చివరకు రాళ్ళ నగల దుకాణం ముందు ఆగుతుంది. ఊళ్ళో తిరగడానికి నది మీద పడవలున్నాయి, అవి చవక. ఒక పగలు రైల్లో అయుత్థయకు వెళ్ళిరండి. పాత రాజధాని శిథిలాలు అక్కడున్నాయి. మూడో తరగతి టిక్కెట్టు 20 భాట్లకు కాస్త అటూ ఇటూ.

అయిదో రాత్రి రైల్లోనే గడుస్తుంది. బ్యాంకాకులో మధ్యాహ్నం దాటాక బయలుదేరే బండి దాదాపు 970 కిలోమీటర్లు నడిచి మర్నాడు పొద్దున సరిహద్దులోని పడాంగ్ బెసార్ చేరుతుంది. రెండో తరగతి పడక టిక్కెట్టు సుమారు వెయ్యి భాట్లు. కింది పడక ధర కొంచెం ఎక్కువ, వెడల్పూ ఎక్కువే. ఒక రాత్రి గది అద్దె మిగిలింది, ఒక పగలూ మిగిలింది. పడాంగ్ బెసార్ స్టేషనులో ఒకే భవనంలో రెండు దేశాల అధికారులూ పాస్‌పోర్టు మీద ముద్ర వేస్తారు. మలేషియా గడియారం థాయిలాండుకన్నా ఒక గంట ముందు నడుస్తుంది. ఆ మాట మరిస్తే అవతలి బండి తప్పిపోతుంది. అక్కడినుంచి రెండు గంటలలోపే బట్టర్‌వర్త్. రేవు దాటితే పెనాంగు.

తండ్రిగారికి ఒక మాట. దక్షిణ థాయిలాండులో పట్టాని, యాలా, నరాథివాట్ ప్రాంతాలలో చాలా ఏళ్ళుగా అలజడి ఉంది. ఆ వైపు సుంగై కోలోక్‌కు పోయే బండి వేరు. పిల్లలు ఎక్కవలసింది పడాంగ్ బెసార్ బండి. టిక్కెట్టు మీద ఆ పేరు మీరే స్వయంగా చూడండి.

పెనాంగులో నాలుగు రాత్రులు, కౌలాలంపూరులో మూడు, మలక్కాలో రెండు. మలక్కా నుంచి విమానాశ్రయానికి నేరుగా బస్సు ఉంది. సాయంత్రం విమానం చూసుకుంటే చాలు. పెనాంగులోని జార్జిటౌనూ, మలక్కా పట్టణమూ 2008లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. అక్కడ చూడవలసినవి వీధులే కాబట్టి టిక్కెట్లు తక్కువ, నడక ఎక్కువ. కౌలాలంపూరు దగ్గర బాటు గుహల్లో సుబ్రహ్మణ్యస్వామి గుడికి 272 మెట్లు ఎక్కాలి. మలేషియాలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు, రబ్బరు, కొబ్బరి తోటల పనికి పోయినవారి సంతతి. వీధిలో మన మాట వినిపిస్తే ఉలిక్కిపడనక్కరలేదు.

శాకాహారులైతే థాయిలాండులో "జే" అన్న మాట నేర్చుకోవాలి. పసుపుపచ్చ జెండా మీద ఎర్ర అక్షరాలున్న దుకాణంలో మాంసం, చేప, గుడ్డు ఏవీ వాడరు. వెల్లుల్లి కూడా ఉండదు. మిగతాచోట్ల కూరగాయల వంటలోనూ చేప పులుసునీరు పోస్తారు. మలేషియాలో ఆ బాధ తక్కువ. రోటీ చనాయ్, పప్పు దొరుకుతాయి. అరిటాకు భోజనమూ ఉంది.

ఇద్దరికీ కలిపి నా అంచనా రూపాయలలో ఇలా ఉంది. టిక్కెట్టు ఎప్పుడు కొన్నారన్నదాన్ని బట్టి కొంచెం మారుతుంది.

రానుపోను విమానాలు – 46,000
రైళ్ళు, దూరపు బస్సులు – 14,000
13 రాత్రుల గది – 23,400
15 రోజుల భోజనం – 27,000
ఊళ్ళో తిరుగుడు, ప్రవేశ రుసుములు – 15,000
భీమా, ఫోను – 5,000
మొత్తం – 1,30,400

మిగిలిన 19,600 ముట్టుకోకూడదు. జ్వరం వచ్చినా, బండి తప్పినా మంచి గదికీ, డాక్టరుకీ, కొత్త టిక్కెట్టుకీ ఆ డబ్బే దిక్కు. అది లేకుండా బయలుదేరితే పొదుపు కాదు, జూదం.

పద్దులో కనపడని ఖర్చులు కొన్ని ఉన్నాయి. థాయిలాండులో యంత్రం నుంచి డబ్బు తీస్తే విదేశీ కార్డుకు తీసిన ప్రతిసారీ 200 భాట్ల పైనే పట్టుకుంటారు. కొంచెం కొంచెంగా కాకుండా ఒక్కసారే తియ్యండి. మలేషియాలో విదేశీయులకు గదికి రాత్రికి 10 రింగిట్ల పన్ను, అద్దె కాకుండా. చవక విమానాల్లో చేతిసంచీ 7 కిలోలు దాటితే టిక్కెట్టులో మిగిలింది అక్కడే పోతుంది. మూడు జతల బట్టలు చాలు. ఉక్కపోత దేశాలు, ఉతికినవి ఒక రాత్రిలో ఆరతాయి.

కాగితాల సంగతి. రెండు దేశాలూ 2023లో మన పాస్‌పోర్టుకు వీసా మినహాయింపు ఇచ్చాయి. ఇలాంటి మినహాయింపులు గడువు పెట్టి ఇస్తారు, మారుస్తుంటారు. టిక్కెట్టు కొనే రోజున ఆయా ప్రభుత్వాల ప్రకటన స్వయంగా చదవాలి. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి. ప్రవేశానికి మూడు రోజుల ముందు నుంచి నింపే పత్రాలు రెండు దేశాలకూ ఉన్నాయి. రెండూ ఉచితం. డబ్బు అడిగిన చోట నింపవద్దు. బ్యాంకాకులో దిగినప్పుడు తిరుగు టిక్కెట్టు ఏదని అడగవచ్చు. రైలు టిక్కెట్టూ, కౌలాలంపూరు విమానం టిక్కెట్టూ కాగితం మీద అచ్చు తీసి చేతిలో ఉంచుకోవాలి.

ఫిబ్రవరి ఈ దారికి మంచి నెలే. బ్యాంకాకు వైపు వర్షాలు తక్కువ. అదే నవంబరు అయితే వద్దనేవాణ్ణి. 2025 నవంబరులో ఈ దారిలోనే ఉన్న హత్యాయ్ పట్టణం వరదలో మునిగింది. అయితే చైనావాళ్ళ కొత్త సంవత్సరం జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య ఎప్పుడైనా పడుతుంది. ఆ వారం పెనాంగులో గదులు దొరకవు. తేదీ చూసుకుని తప్పించుకోండి.

ఇక నిద్ర పట్టని తల్లిగారికి. ఈ పద్దులో మజిలీలు నాలుగే. ఏ రాత్రి ఏ ఊళ్ళో ఉంటారో మీకు ముందే తెలుస్తుంది. అర్ధరాత్రి కొత్త ఊళ్ళో దిగి గది వెతుక్కోవడం ఉండదు. బ్యాంకాకు విమానం కూడా పగలు చేరేదే తీసుకోమనండి. గదుల చిరునామాలు మీ దగ్గర ఒక కాగితం, వాళ్ళ దగ్గర ఒకటి. రోజూ రాత్రి తొమ్మిదికి ఒక ఫోను. అద్దె మోటారు సైకిలు వద్దేవద్దు. లైసెన్సు సరిగా లేకపోతే భీమా కూడా ఆదుకోదు.

వారిని కూర్చోబెట్టి ఈ పద్దు అమ్మాయి చేతనే చదివించండి. ప్రతి అంకెకూ అది జవాబు చెప్పగలిగితే, వెళ్ళి రాగలదన్నమాట. చెప్పలేకపోతే మరో నెల ఆగి లెక్క సరిచేసుకోమనండి. ఆ దేశాలెక్కడికీ పోవు.