సోదరుడైన నవాబు

తిరుచిరాపల్లి యనగానే యాత్రకు పోయివచ్చిన తెలుగువారికి కొండమీది పిళ్ళయారు కోవెల జ్ఞప్తికి వచ్చును. జాతీయోద్యమ చరిత్ర చదివినవారికి అచ్చటి చెరసాల జ్ఞప్తికి వచ్చును. చీరాల పేరాల పోరాటమును నడపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు 1921లో శిక్షింపబడి యేడాది గడపినది ఆ కారాగృహముననే. ఇట్టి పట్టణమునకు ఇంకొక కీర్తి కలదని ఫ్రీమేసనులు చెప్పుచుందురు. భారతీయుడొకడు తమ సంఘమున మొట్టమొదట దీక్ష పొందినది 1775లో తిరుచిరాపల్లి లాడ్జిలోననియు, ఆతడు సామాన్యుడు గాక ఆర్కాటు నవాబు మహమ్మదాలీ వాలాజా కుమారుడు ఉమ్దతుల్ ఉమరా యనియు, దీక్ష నొసగినవాడు గహాగను అను వైద్యుడనియు వారి చరిత్రలలో వ్రాసికొనిరి. లండనులోని మహాలాడ్జివారు ఈ వార్త విని ముచ్చటపడి, అలంకరించిన ఏప్రనును తమ నిబంధన గ్రంథమును కానుకగా పంపిరి. రాకుమారుడు పారసీక భాషలో మర్యాదగా బదులు వ్రాసెను. తెల్లవాడును నల్లవాడును, క్రైస్తవుడును మహమ్మదీయుడును ఒకే కప్పు క్రింద సోదరులైరి! ఇంతటితో కథ ముగించి చదువరులను చప్పట్లు కొట్టుమందురు.

మా పేచీ యిచ్చటనే. వాది తనకు లాభించు కాగితమును మాత్రము దాఖలుచేసి, మిగిలినవానిని పెట్టెలో దాచినయెడల ఏ న్యాయాధిపతియైన ఊరకుండునా? ఈ కథకు ఉత్తరార్ధము కలదు. అది 1801లో నడచినది.

ముందుగా ఒక మాట. లాడ్జీలనుగూర్చి జనులు చెప్పుకొను పుక్కిటి పురాణములతో మాకు పనిలేదు. ఉత్తర హిందూస్థానమున ఆ భవనములను జాదూఘరు లనుచుండిరి. లోపల దయ్యములను పిలుతురని, పుఱ్ఱెలతో మాటలాడుదురని పిల్లలను బెదరించుచుండిరి. స్వామి వివేకానందులు సన్న్యసింపకమునుపు 1884లో కలకత్తా లాడ్జిలో చేరిరి. మోతీలాల్ నెహ్రూగారును ఫ్రీమేసనే. అంతటివారు అడుగుపెట్టిన చోట దయ్యములు నాట్యమాడెననుట అవివేకము. మా యభియోగము దయ్యములమీద గాదు, దస్తావేజులమీద.

రాకుమారునకు దీక్ష యిచ్చిన కాలమున ఆతని తండ్రి కంపెనీ నౌకరులకు పీకలదాక బాకీపడియుండెను. పగలు కొలువుచేయు దొర రాత్రి వడ్డీవ్యాపారియై, నవాబునకు అప్పిచ్చి, తాలూకాల శిస్తులను వ్రాయించుకొనుచుండెను. అసలెంతయో, బూటకమెంతయో తేల్చినవాడు లేడు. ఈ ఋణముల దుర్గంధము ఎంత దూరము వ్యాపించెననగా 1785లో ఎడ్మండు బర్కు ఇంగ్లండు పార్లమెంటులో లేచి వానిమీదనే సుదీర్ఘోపన్యాసము చేయవలసివచ్చెను. నవాబు రాజ్యమన అరవదేశము మాత్రమే యని చదువరులు తలపరాదు. నెల్లూరు, ఒంగోలు, పల్నాడు సీమలును ఆతనివే. మన రైతు చెల్లించిన శిస్తు ఎవరి సంచులలో పడెనో ఊహించుకొన వచ్చును. సోదరత్వమునకు పునాది వేసిన రోజులివి!

1795లో తండ్రి గతించగా ఉమ్దతుల్ ఉమరా నవాబయ్యెను. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయి టిప్పు సుల్తాను వీరమరణము నొందెను. కోటలో దొరికిన పారసీక పత్రములను తిరుగవేసి, తండ్రియు కొడుకును టిప్పుతో రహస్యముగా ఉత్తర ప్రత్యుత్తరములు జరిపిరని కంపెనీవారు నేరము మోపిరి. అందలి ఘనమైన సాక్ష్యమేమి? ఒక సంకేతపదముల పట్టిక. నవాబునకు ఒక మాఱుపేరు, నిజామునకు ఒకటి, మహారాష్ట్రులకు ఒకటి. ఆంగ్లేయులకు మాత్రము ‘క్రొత్తగా వచ్చినవారు’ అని. (ఇంత నిక్కమైన మాఱుపేరు మఱియొకటి మేమెఱుగము.) ఈ సాక్ష్యమును తర్వాత జేమ్సు మిల్లు తన హిందూదేశ చరిత్రలో విమర్శించి, నేరము ఋజువు కాలేదని తేల్చెను. మిల్లు మనకు మిత్రుడు గాడు; మన నాగరికతను తూలనాడినవాడు. ఆతడే యిట్లు వ్రాసెననిన కేసు ఎంత డొల్లయో చదువరులే నిర్ణయింతురు గాక.

ఈ నేరమును మోపిన గవర్నరు జనరలు వెల్లెస్లీ ప్రభువు ఎవరు? 1782లో ఐర్లండు మహాలాడ్జికి గ్రాండు మాస్టరు. ఆతని తండ్రియు అంతకుముందు అదే పీఠమునెక్కెను. తమ్ముడు ఆర్థరు 1790లో ట్రిము అను చిన్నపట్టణపు లాడ్జిలో దీక్ష గొనెను. ఇంటిల్లపాదియు సోదరులే! కరచాలనమున సంకేతము, మాటలో సంకేతము, తలుపు తట్టుటలో సంకేతము గల సంఘమునకు పెద్దయైనవాడు, ఇంకొక సోదరుని మాఱుపేరు గల సంకేతపదముల పట్టికను రాజద్రోహమునకు సాక్ష్యముగా నెంచెను.

1801 జూలైలో నవాబు మరణశయ్యపై నుండగనే కంపెనీ సిపాయీలు చేపాకు రాజభవనమును చుట్టుముట్టిరి. ధనాగారమును కాపాడుటకట! ఆ నెల 15వ తేదీన ఆతడు కన్నుమూసెను. శవము ఇల్లు వెడలకమునుపే కంపెనీ ప్రతినిధులు వారసుని విషయము కదపిరి. కుమారుడనబడిన అలీ హుసేను రాజ్యమును ధారవోయుటకు అంగీకరింపకుండెను. అంగీకరించిన బంధువు అజీముద్దౌలా గద్దెమీద కూర్చుండబెట్టబడెను. ఆతనికి మిగిలినది నవాబను బిరుదును, నికరాదాయమున అయిదవవంతును. కర్ణాటక రాజ్యమంతయు, దానితో మన నెల్లూరును పల్నాడును కంపెనీకి దక్కెను. అలీ హుసేను మఱుసటి యేటనే మరణించెను. ఏప్రను పంపిన లండను సోదరుల నోట ఇంత జరిగినను ఒక్కమాట వెలువడినట్లు ఆ సోదరత్వమును పొగడు చరిత్రలలో మాకు కానరాదు.

లాడ్జిలో రాజకీయములు మాటలాడరాదని నియమము కలదు గదా యని ఫ్రీమేసను మిత్రులు బదులు చెప్పుదురు. ఆ నియమము ఉన్నమాట నిజమే. బలవంతుడును బలహీనుడును ఒకచోట కూర్చుండి రాజకీయము లెత్తరాదని యొట్టు పెట్టుకొనినచో అందువలన లాభము ఎవరికి? దోచుకొనినవాడు నిశ్చింతగా భోజనము చేయును. దోపిడికి గురియైనవాడు మర్యాదకై నోరు మూసికొనును. ఆ నియమము నిష్పక్షపాతముగా కన్పట్టును గాని త్రాసు ముందే ఒక ప్రక్కకు ఒరిగియున్నది.

శాసనమును చూడుడు. శ్రీరంగపట్టణము పడిన 1799లోనే ఇంగ్లండు పార్లమెంటువారు రహస్యప్రమాణములు గల సంఘములను నిషేధించుచు చట్టము చేసిరి. ఫ్రీమేసను లాడ్జీలకు మాత్రము సభ్యుల పేర్లు దాఖలు చేయవలెనను షరతుపై మినహాయింపు దొరకెను. మనదేశమున 1908 క్రిమినల్ లా సవరణ చట్టము క్రింద వంగదేశపు సమితులు నిషిద్ధములయ్యెను. సరే, అవి రహస్య సంఘములు. మఱి 1921లో అదే చట్టమును కాంగ్రెసు స్వచ్ఛంద సేవకులపై ప్రయోగించిరే! వారు పేర్లను ప్రకటించి, ఖద్దరు తొడుగుకొని, పట్టపగలు నడివీథిలో నడచిన వారు. తలుపు మూసికొనిన సంఘము నిరపాయకరము. తలుపు తెఱచిన సంఘము అపాయకరము! స్వచ్ఛంద సేవకుల వరుసలో నిలిచిన మాబోంట్లకు ఈ తర్కము మింగుడుపడదు.

పోనీ, ఒక రాకుమారుని చేర్చుకొనిన పిమ్మట తక్కిన భారతీయులకైన తలుపు తెఱచిరా? బొంబాయిలో మానెక్జీ కర్సెట్జీ అను పార్సీ పెద్దమనిషికి ప్రవేశము నిరాకరింపబడెను. ఆయన పారిసునకు పోయి దీక్ష పొందవలసివచ్చెను. 1843లో బొంబాయిలో భారతీయులకై వేఱొక లాడ్జి పెట్టిరి. కలకత్తాలో ప్రసన్నకుమార దత్తు 1863 మొదలు 1872 వఱకు తలుపు తట్టుచునే యుండెను. నవాబు కొడుకునకు ఒక్కరోజు పని, గుమాస్తాకో వర్తకునకో తొమ్మిదేండ్ల వ్యాజ్యము. ఆ తొమ్మిదేండ్లు పోరాడిన దత్తుగారికి మేము నమస్కరింతుము. సోదరత్వమను మాటను నిజముగా నమ్మినవాడు ఆ పట్టున ఆయన యొక్కడే కాబోలు.

1961లో భారతదేశ మహాలాడ్జి యేర్పడినది. మనవారి ధర్మకార్యములను మేము కాదనము. వారు తమ పూర్వచరిత్రను వ్రాసికొనుటయు మంచిదే. మేము కోరునది ఒక్కటి. తిరుచిరాపల్లి ముచ్చట చెప్పునపుడు 1775 ప్రక్కన 1801ని గూడ వ్రాయుడు. లండనునుండి వచ్చిన ఏప్రనును వర్ణించినవారు చేపాకు వాకిట నిలిచిన సిపాయీలను వర్ణింపుడు. పారసీకమున వచ్చిన కృతజ్ఞతా లేఖకు ప్రక్కనే, అలీ హుసేను సంతకము చేయ నిరాకరించిన సంధిపత్రమును అచ్చువేయుడు.