లైనులో పడని రీడింగు

లేజరు దెబ్బకు నమూనా ముక్క పాడైతే మనమేం చేస్తాం? అవతల పారేసి కొత్త ముక్క అడుగుతాం. 1965లో అమెరికాలో మిల్టన్ బిర్న్‌బామ్ అనే శాస్త్రవేత్త పారెయ్యలేదు. రూబీ లేజరు తగిలి చెడిన అర్ధవాహకం ఉపరితలాన్ని పరీక్షగా చూశాడు. దుక్కి చాళ్ళలాగా వరుసగా గీతలు! వ్యాసం శీర్షికలో "పాడు" అనే అర్థం వచ్చే మాటే పెట్టాడు గాని, గీతల్ని మాత్రం విడిచిపెట్టలేదు.

ఇప్పుడు ఆ చాళ్ళనే లోహాల మీద కావాలని తీస్తున్నారు. వాడేది ఫెమ్టోసెకండు స్పందనలు. అటువంటివి వంద ఫెమ్టోసెకండ్లు గడిచేసరికి కాంతి సైతం 0.03 మిల్లీమీటరే నడుస్తుంది, చూడండి! అద్దంలా మెరిసే లోహానికీ కంటికందని గరుకు ఉంటుంది. అక్కడ తగిలిన కాంతిలో కొంత, లోహంలోని ఎలక్ట్రాన్లను ఊపుతూ ఉపరితలం వెంట అలలా పాకుతుంది. ఆ అలా, పైనుంచి పడే కాంతీ కలిసినప్పుడు ఒకచోట శక్తి ఎక్కువ, పక్కన తక్కువ. ఎక్కువైన చోట లోహం లేచిపోయి చాలు పడుతుంది. స్పందన మీద స్పందన పడితే చాలు లోతవుతుంది. వేడి పక్కలకు పాకే వ్యవధి ఉండదు గనక గీత చెదరదు. 800 నానోమీటర్ల కాంతి వాడితే చాళ్ళ ఎడం సాధారణంగా అంతకు కాస్త తక్కువ. కాంతి ధ్రువణ దిశ తిప్పితే చాళ్ళూ తిరుగుతాయి. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో చున్‌లే గువో బృందం 2008లో ఫెమ్టోసెకండు లేజరుతో, రంగు పూయకుండానే లోహాలకు రంగులు తెప్పించింది.

ఇది చదివి నాకు సిగ్గేసింది. న్యూటన్ వలయాల ప్రయోగంలో నా రీడింగు ఒకటి సరళరేఖ మీదికి రానన్నది. రబ్బరుతో తుడిచి, రావలసిన అంకె వేశాను. రికార్డుకు పదికి పది! నేనొక్కణ్ణేనా? సీనియర్ల రికార్డు ముందు పెట్టుకుని జవాబు నుంచి వెనక్కి లెక్క కట్టనివాళ్ళు మన ల్యాబులో ఎందరున్నారు?

తప్పిన ప్రతి రీడింగూ కొత్త సంగతి చెబుతుందని నేననను. చాలావరకు కటకం మీద దుమ్మో, మన కంటి పొరపాటో అయివుంటుంది. అయినా ఆ సంగతి చూస్తేగా తెలిసేది! అధ్యాపకులకు నా మనవి ఒకటే: లైనులో పడని రీడింగును దాచకుండా రాసి, కారణం వెతికినవాడికి రెండు మార్కులు వెయ్యండి. లైనులో పడలేదని మాత్రం కొయ్యకండి.

నేను తుడిచేసిన ఆ అంకె ఎంతో, ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు.