చలివేంద్రము – వర్తకుని కడవ

వేసవిలో ఒక గృహస్థు వీధిమొగను చలివేంద్రము పెట్టినాడు. బాటసారులు దాహము తీర్చుకొనుచున్నారు. ఇంతలో ఒక వర్తకుడు వచ్చి, ఆ నీటినే కడవల కెత్తి, ప్రక్కవీధిలో అమ్ముకొన నారంభించెను. గృహస్థునకు కోపము రాకుండునా? కంప్యూటరు లోకములో కొన్నేండ్లుగా సాగుచున్న లైసెన్సుల వివాదమునకు మూలము ఇట్టి కోపమే.

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు అనగా, దాని సోర్స్ కోడును ఎవరైనను చదువుటకు, మార్చుటకు, పంచుటకు, వ్యాపారమునందు సైతము వాడుకొనుటకు హక్కు గలది. 1998లో నెలకొన్న ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ నిర్వచనము ప్రకారము, ఏ రంగమువారి వినియోగమును నిషేధింపరాదు. వర్తకుని వలదన్నచో ఆ పేరు చెల్లదు.

ఎలాస్టిక్‌సెర్చ్ కథ ఇందుకు తార్కాణము. అపారమైన సమాచారరాశిలో వలసినదానిని క్షణములో వెదకిపెట్టు ఈ సాధనమును షే బానన్ 2010లో విడుదల చేసెను. దానిని పోషించుటకు పిమ్మట ఎలాస్టిక్ అను సంస్థ వెలసినది. సరళమైన అపాచీ లైసెన్సు క్రింద లభించుచున్న ఆ సాధనమునే 2015లో అమెజాన్ క్లౌడ్ సేవగా అమ్మజొచ్చినది. లైసెన్సు దృష్ట్యా ఇందు దోషము లేదు. కాని పనివారికి జీతములిచ్చునది ఒకరు, రాబడి పొందునది మరియొకరు అయినప్పుడు, నిర్మాతల గోడు అసమంజసమనుటకు వీలులేదు.

2021 జనవరిలో ఎలాస్టిక్ తన లైసెన్సును మార్చినది. వాడుకొనువారి ముందు రెండు మార్గములుంచినది. ఒకదాని క్రింద, దీనిని ఇతరులకు సేవగా అమ్మరాదు. రెండవదాని క్రింద అమ్మవచ్చును గాని, ఆ సేవను నడుపు సాఫ్ట్‌వేరు యావత్తును బయటపెట్టవలెను. ఈ రెంటిలో ఏదియు పై నిర్వచనమునకు ఒదుగలేదు.

అసలు చిక్కు ఇక్కడ నున్నది. అపాచీ లైసెన్సును ఎన్నటికిని మార్చబోమని 2018లో ఈ సంస్థయే బహిరంగముగా ప్రకటించినది. ఆ మాట నమ్మి తప్పులు దిద్దినవారు, క్రొత్త భాగములు చేర్చినవారు బయట నెందరో కలరు. కుండ గృహస్థుదే, నీరు మోసినవారిలో ఊరివారును ఉన్నారు. చట్టము మార్పునకు అడ్డురాలేదు. అయినను విశ్వాసము చట్టముతో ముగియునది కాదు.

ఫలితమేమి? పాత ప్రతులు పాత లైసెన్సు క్రిందనే నిలిచినవి. వానినుండి అమెజాన్ 2021లోనే ఓపెన్‌సెర్చ్ అను వేరుశాఖను నిర్మించినది. ఎవరిని ఆపుటకు గోడ కట్టిరో, వారే గోడవెలుపల మరియొక చలివేంద్రము పెట్టిరి! 2024 ఆగస్టులో ఎలాస్టిక్ ఏజీపీఎల్ అను ఓపెన్ సోర్స్ లైసెన్సును చేర్చినది. దాని క్రింద అమ్మకము నిషిద్ధము కాదు. మార్చిన ప్రతిని నెట్‌వర్కు ద్వారా ఇతరులకు అందించువారు ఆ మార్చిన కోడును వారికి ఈయవలెను. ఈ మూడేండ్ల పోరువలన పేర్ల గందరగోళము తొలగినదని సంస్థ చెప్పుకొనినది. కాని పేరు కాపాడుకొనుటకు ట్రేడ్‌మార్కు చట్టము కలదు. 2019లో ఆ విషయమై వేసిన దావా 2022లో రాజీతో ముగిసినది.

శ్రమకు ప్రతిఫలము కోరుట తప్పు కాదు. వర్తకునకు నీరు ఈయదలపనివారు మొదటిదినముననే ఆ మాట బోర్డుపై వ్రాయవచ్చును. వచ్చువారు తెలిసియే వత్తురు, నీరు మోయువారు తెలిసియే మోయుదురు. పదుగురిచే మోయించిన పిమ్మట బోర్డు మార్చినచో, నష్టపోవునది వర్తకుడు కాదు. అతనికి వేరొక కుండ పెట్టుకొను స్తోమత ఉన్నది. మరునాడు మరియొక చలివేంద్రమునకు నీరు మోయుటకు పిలుపు వచ్చినప్పుడు, ఊరివారు ఒక్కక్షణము సందేహింతురు. ఆ సందేహమే అసలైన నష్టము.