తంబోలా బాంధవ్యము

శుక్రవారము సాయంకాలము నాలుగు గంటలగుసరికి మా యింటి మేడమీది గదినుండి అంకెలు వినవచ్చును. ముప్పదిమంది ఇంజనీరింగు పట్టభద్రులు, ఒకరు కాకినాడలోను, ఒకరు ఖమ్మములోను, మరియొకరు పూణేలోను, ఎవరి గదిలో వారు తలుపు వేసికొని కూర్చుండి, హైదరాబాదునుండి ఒక హెచ్.ఆర్. అమ్మాయి పిలుచు అంకెలకు చీటీలపై గీతలు పెట్టుచుందురు. మా అక్కయ్య కుమారుడు వారిలో నొకడు. ఆ యాట పేరు తంబోలా. దాని పరమార్థము, ఆహ్వానములో వ్రాసినదానినిబట్టి, దూరముననుండి పనిచేయు ఉద్యోగులకు సంస్థతోడి అనుబంధమును దృఢపరచుట. ఆట సాగుచున్నంతసేపును కెమెరా తెరచియే యుంచవలెను. క్రింద వంటయింటిలో కుక్కరు కూత వేసినప్పుడెల్ల మావాడు ఉలికిపడి మైకు కట్టివేయును.

ఆ శుక్రవారమునాటికి అతడు తొమ్మిది దినములుగా ఒక అనుమతికై ఎదురుచూచుచున్నాడు. క్లయింటువారి సర్వరులోనికి ప్రవేశింప అధికారము లేనిదే అతని పని అడుగు కదలదు. టికెట్టు పెట్టెను, మేనేజరునకు గుర్తు చేసెను, ఆయన 'చూద్దాం' అనెను, ఒక విభాగమువారు టికెట్టును మరియొక విభాగమునకు త్రోసిరి, అచ్చటివారు ఇది మాది కాదని మూసివేసిరి, ఇతడు మరల తెరచెను. ఆ తొమ్మిది దినములలోనే తంబోలా పిలుపొకటి, మీరు పనిచేయు బల్లను ఫొటో తీసి పంపుడను పోటీ యొకటి, మనశ్శాంతిపై ఉపన్యాస మొకటి, సంస్థలో మీరెంత ఆనందముగా నున్నారో పదింటికి ఎన్ని మార్కులు వేయుదురో తెలుపుడను ప్రశ్నావళి యొకటి అతనికి వచ్చినవి. "అన్నీ టైముకే వచ్చాయి మామయ్యా, ఆ యాక్సెస్ ఒక్కటే రాలేదు" అని అతడు నవ్వుచునే చెప్పెను గాని, ఆ నవ్వు నాకు రుచింపలేదు.

కంటికి దూరమైనవాడు మనసుకును దూరమగునన్న సామెతను శాసనముగా గ్రహించి, ఇంటినుండి పనిచేయువాడు సంస్థను మరచిపోవుననియు, వానిని ఏదో యొక త్రాటితో కట్టియుంచవలసినదేననియు తలచువారు నేడు రెండు శిబిరములుగా నున్నారు. మొదటివారు ఆ త్రాటిని ఆటపాటలతో పేనుదురు. రెండవవారు ఆటలతో పని యేమి, మనిషినే కార్యాలయమునకు రప్పించుడందురు. చూపునకు ఈ ఇరువురును వైరులు. తరచి చూచినచో ఇరువురి మూలసిద్ధాంత మొకటియే: అనుబంధము ముఖదర్శనమువలన కలుగునని. ఆ ముఖము ఎదుట నుండవలెనా, అద్దములో నుండిన చాలునా అన్నంతవరకే వారి తగవు. ఈ మూలసిద్ధాంతమే తప్పని నా మనవి.

2020 మార్చి 24వ తేదీ రాత్రి దేశమంతటను తలుపులు మూయుడని ప్రకటన వెలువడినప్పుడు, కంపెనీలవారు కార్యాలయములోని కంప్యూటర్లను కారులకెత్తి ఉద్యోగుల యిండ్లకు పంపిరి. ఒక్క నెల తిరుగకమునుపే టి.సి.ఎస్. వంటి మహాసంస్థ, 2025 నాటికి తమ ఉద్యోగులలో నూటికి 25 మంది మాత్రమే కార్యాలయమున నుండిన చాలునని ఘనముగా చాటెను. 2023 చివరకు వారమునకు ఐదుదినములును రావలసినదేయనెను. రెండు మాటలును అనుబంధము గురించి ఆలోచించి పలికినవేనని నేను నమ్మజాలను. ఖర్చు, కట్టడము, అదుపు అను మూడింటి లెక్కలు మారినకొలది మాట మారును. అనుబంధమను పదము ఆ లెక్కపై కప్పిన పట్టువస్త్రము.

ఈ పదము పుట్టుకను గూర్చి ఒకింత చెప్పవలెను. దూరమునుండి పనిచేయుట అను ఊహకు 1973లో జాక్ నిల్లెస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు పేరు పెట్టినప్పుడు ఆయన చింత యంతయు రహదారులపై వాహనముల రద్దీని గూర్చినది. ఉద్యోగి ఒంటరి యగునేమోయన్న దిగులు అప్పటికి శాస్త్రముగా మారలేదు. పనియందు మనిషి మనసు లగ్నమగుట యను విషయమును 1990లో విలియం కాన్ అను పండితుడు సిద్ధాంతీకరించెను. ఆయన పరిశీలించినది పిల్లల వేసవి శిబిరములో పనిచేయువారిని, ఒక వాస్తుశిల్పుల కార్యాలయములోని వారిని. మనసు లగ్నమగుటకు ఆయన కనుగొన్న హేతువులు మూడు: చేయు పనికి అర్థముండుట, తన్ను తాను వెల్లడించుకొనుటకు జంకు లేకుండుట, పనికి చాలిన శక్తి తనయందు మిగిలియుండుట. ఈ మూడింటిలో తంబోలా ఎచ్చటను లేదు. తరువాత గాలప్ సంస్థవారు ఉద్యోగుల మనసును కొలుచుటకు పండ్రెండు ప్రశ్నలు కూర్చిరి. వానిలో పదవది, పనిచేయుచోట మీకు ప్రాణమిత్రుడు కలడా యనునది. మన ఆటల అధికారులు పుస్తకమును వెనుకనుండి తెరచిరో యేమో, ఈ పదవదానినే పట్టుకొనిరి. మొదటిది, మీనుండి ఏమి ఆశించుచున్నారో మీకు తెలియునా యని. రెండవది, మీ పనికి కావలసిన సామగ్రి మీకున్నదా యని. మావాని తొమ్మిది దినములును ఆ రెండవ ప్రశ్నలోనే గడచిపోయినవి.

దూరముననుండి పనిచేయుట నిన్నమొన్నటి వింత యన్నట్లు మాటలాడువారికి మా తండ్రిగారి అరుగు చూపవలెనని యుండును. కోనసీమలో మా ఊరి ప్రాథమిక పాఠశాలకు ఉపాధ్యాయుడుగానుండి, ఆయన బ్రాంచి పోస్టుమాస్టరు పనియు చూచుచుండెడివారు. కార్యాలయమనగా మా వీధియరుగు, ఒక చెక్కపెట్టె, తేదీముద్ర, లక్క, త్రాసు. రన్నరు ప్రతిదినము కాలువ దాటి సంచి తెచ్చెడివాడు. సంచిలో ఉత్తరములతోపాటు సబ్ పోస్టాఫీసునుండి బి.ఓ. స్లిప్పను కాగితము వచ్చును; ఇచ్చటినుండి డైలీ అకౌంటు వెళ్లును. బొంబాయినుండి ఎవని కుమారుడో పంపిన మనియార్డరునకు చేతిలోని రొక్కము చాలనిచో మా తండ్రిగారు ఆ లెక్కకాగితములోనే ఇంత కావలెనని వ్రాసెడివారు. మరునాటి సంచిలో లక్కముద్రతో రొక్కము దిగెడిది. కార్డులు అయిపోయినవన్న, కార్డులు వచ్చెడివి. కూడికలో అణా తేడా వచ్చినచో, ఆ తేడాను ఎర్రసిరాతో చూపించు చీటీ వచ్చెడిది. ఆ చీటీ వచ్చిననాడు ఆయన రాత్రి దీపము పెట్టుకొని నెలరోజుల లెక్క తిరుగవేసెడివారు. అంతటి పట్టుదల ఏ యాట నేర్పినది?

ఆ సబ్ పోస్టాఫీసు గుమాస్తాను మా తండ్రిగారు, పని చేపట్టిన పిమ్మట పదునెనిమిది సంవత్సరములలో, చూచినది రెండుసార్లు. అయినను ఇంటిలో ఆయన ప్రస్తావన రాని వారము లేదు. ఆయన చేవ్రాత మాకందరకును తెలియును. ఆయనకు జ్వరమని స్లిప్పుపై అక్షరము వంకరపోయిన విధమునుబట్టి మా తండ్రిగారు పోల్చుకొనెడివారు. బదిలీయైన దినమున ఆయన స్లిప్పు అంచున సన్నగా "రేపటినుండి వేరొకరు. నమస్కారములు" అని వ్రాసి పంపెను. ఫైలులో నుండవలసిన ఆ కాగితమునకు మా తండ్రిగారు నకలు వ్రాసి ఫైలులో నుంచి, అసలును తమ పెట్టెలో దాచుకొనిరి. శాఖానిబంధనలకిది విరుద్ధమే. కాని ఆ బాంధవ్యము అట్టిది, అది కేవలము ప్రత్యుత్తరములతో నేయబడినది: అడిగినదానికి జవాబు, పంపినదానికి రసీదు, తప్పునకు దిద్దుబాటు, ఇవి దినమునకొకటి చొప్పున పదునెనిమిదేండ్లు.

ఇంకను పెద్ద యెత్తున ఈ విద్యను నడపినవాడు కల్నల్ కాలిన్ మెకంజీ. దేశభాషలు తనకు రావని తానే ఒప్పుకొన్న ఆ స్కాట్లండు సర్వేయరు, ఏలూరువారగు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్యలను నమ్మి, దక్షిణదేశములోని గ్రామగ్రామమునకు మనుష్యులను పంపి, కరణముల కవిలెకట్టలనుండి గ్రామచరిత్రలగు కైఫియతులు వ్రాయించి, 8,000కు పైబడిన శాసనములకు ప్రతులెత్తించెను. బొర్రయ్య 1803లో చనిపోగా ఆ భారము లక్ష్మయ్యపై పడెను. 1811లో మెకంజీ జావాదండయాత్రకు సముద్రము దాటిపోయెను. ఇచ్చట లక్ష్మయ్య పర్యవేక్షణమున పని ఆగలేదు. ఎవరే గ్రామమునకు పోయిరి, ఏమి దొరకినది, ఎవరు చూప నిరాకరించిరి అని వ్రాసిన నివేదికలు నేటికిని మెకంజీ సేకరణ సంపుటములలో నున్నవి. మెకంజీ తన పనిని గూర్చి వ్రాసినప్పుడు, ఈ దేశపు జ్ఞానద్వారము తనకు బొర్రయ్యవలన తెరువబడెనని మరుగుపరుపక చెప్పెను. పనిచేసినవాని పేరు చెప్పుట, అదియు వాడు వినలేని చోట చెప్పుట, ఎంత యరుదో కార్యాలయములలో నున్నవారికి నేను వేరుగ చెప్పనేల? 1821లో మెకంజీ మరణించిన తరువాత లక్ష్మయ్య, ఆ పనిని తానే కొనసాగింతునని కోరగా, కలకత్తా ఆసియాటిక్ సొసైటీలో జేమ్స్ ప్రిన్సెప్ ఆ కార్యమునకు దేశీయుడు చాలడని తోసిపుచ్చెను. సముద్రము అడ్డమున్నను మెకంజీకి లక్ష్మయ్య దగ్గరివాడే. ఒకే దేశమున నున్నను లక్ష్మయ్య ప్రిన్సెప్పునకు దూరపువాడయ్యెను. ఈ దూరమును క్రోశములతో కొలువరాదు.

ప్రతిపక్షమునకు బలమైన వాదము లేకపోలేదు, దానిని దాచుట ధర్మము కాదు. చైనాలో సీట్రిప్ అను ప్రయాణసంస్థ తన కాల్‌సెంటరులో ఇంటినుండి పనిచేయుటకు ముందుకు వచ్చినవారిలో అర్హులైన 249 మందిని తీసికొని, కొందరిని ఇంటను, కొందరిని కార్యాలయమునను తొమ్మిది నెలలుంచి చూచెను. నికొలస్ బ్లూమ్ మొదలగు ఆర్థికవేత్తలు 2015లో ప్రకటించిన ఫలితములనుబట్టి, ఇంటినుండి చేసినవారి పని నూటికి 13 వంతులు పెరిగెను, ఉద్యోగము విడిచిపోవువారు సగమైరి. కాని ప్రయోగము ముగిసి, మీ యిష్టమన్నప్పుడు, అనేకులు కార్యాలయమునకు మరలిపోయిరి, ఒంటరితనము భరింపలేకపోయితిమనిరి. చూచితిరా యని ఇరుశిబిరములవారును ఇచ్చట చప్పట్లు కొట్టుదురు. అదే పరిశోధనములో మరియొక ఫలితమున్నది, దానిని మాత్రము ఎవ్వరును ప్రస్తావింపరు: సమానముగా పనిచేసినవారిలో ఇంటినుండి చేసినవారికి పదోన్నతి తక్కువగా వచ్చెను. ఎక్కువ పని చేసి, తక్కువ గుర్తింపు పొంది, ఒంటరివారమైతిమని వారు మొఱపెట్టినచో, ఆ మొఱకు సమాధానము ఆటలు పెట్టుటయా, పదోన్నతుల పట్టికను దిద్దుటయా?

ఒంటరితనము నిజమే. కాని మనిషి ఒంటరితనమునకెల్ల సంస్థయే వైద్యుడు కావలెనను నియమమెచ్చటిది? హైదరాబాదు రోడ్లపై దినమునకు మూడుగంటలు కారులో కరగిపోవువాడు సాయంకాలమున మిత్రులతో కూర్చుండగలడా? ఊరిలోనున్న మావాడు ఆరుగంటలకు పని ముగిసినచో కాలువగట్టున వాలీబాలు ఆడివచ్చుచున్నాడు. అచ్చట వానిని కెమెరా తెరువుమని అడుగువారు లేరు. ఒక్క విషయములో మాత్రము కార్యాలయపక్షమువారికి నేను చేయెత్తి నమస్కరింతును: క్రొత్తగా చేరినవానికి మొదటి యేడాది పెద్దవాని ప్రక్కన కూర్చుండుట కావలెను. కొలిమిదగ్గర పట్టుకారు పట్టుట ఉత్తరములలో నేర్వరాదు. మా తండ్రిగారును పని చేపట్టుటకు ముందు కొన్నాళ్లు సబ్ పోస్టాఫీసునకు పోయి కూర్చుండి నేర్చివచ్చినవారే. అది నేర్పుటకైన సాన్నిధ్యము, నిఘాకైనది కాదు.

నిఘా యన జ్ఞప్తికి వచ్చినది. ఇప్పటి కంప్యూటర్లలో పేరు ప్రక్కన పచ్చచుక్క యొకటి యుండునట. కొద్ది నిమిషములు మీట నొక్కకున్నచో అది పసుపుగా మారునట. ఆలోచించుటకై కుర్చీలో వెనుకకు వాలినవాడు పనిదొంగ, ఊరక వ్రేలు ఆడించువాడు కర్మయోగి! ఈ చుక్కను మోసగించుటకు మౌసును తనంతట తాను కదలించు చిన్న యంత్రములను అమ్ముచున్నారు, జనులు కొనుచున్నారు. ఒక యంత్రము కదలించుచుండగా వేరొక యంత్రము ఆ కదలికను చూచి, ఉద్యోగి శ్రద్ధగా నున్నాడని నివేదిక పంపును. ఆ నివేదిక చూచిన మేనేజరు అదే వారమున పరస్పరవిశ్వాసముపై ఉపన్యాసము ఏర్పాటు చేయించును. నేను హాస్యమునకు చెప్పుటలేదు.

ఆటలు వలదని నేననను. పనిలో స్నేహము కుదిరినవారు ఆడుకొనవచ్చును, ఆడుకొందురు. ఇచ్చట జరుగుచున్నది దానికి తలక్రిందులు. ఇంటికి వచ్చిన చుట్టము దాహమడుగగా, నీళ్లచెంబునకు మారుగా పన్నీరు చిలుకరించి పొంగిపోవు గృహస్థుని మర్యాద యిది.

ఆ శుక్రవారము సంగతి పూర్తిగా చెప్పలేదు. నాలుగున్నర ప్రాంతమున నేనేదో పుస్తకమునకై మేడయెక్కితిని. అంకెలు వినబడుచునే యున్నవి గాని మావాడు చీటీవైపు చూచుటలేదు. తెరపై నల్లని కిటికీయొకటి తెరచి, అందులో పరుగెత్తు తెల్లని అక్షరములవైపు వంగియున్నాడు. నన్ను చూచి, "వచ్చింది మామయ్యా, ఇప్పుడే ఇచ్చారు" అనెను. ఎవరిచ్చిరని యడుగగా, చెన్నైలో ఎవరో సర్వరులు చూచువాడట, ముక్కు మొగము తెలియదు; మూసివేసిన టికెట్లను చూచుకొనుచు, ఇది అన్యాయముగా మూసిరని తానై తెరచి, 'ఆలస్యమునకు క్షమించండి, ఏమైనా ఆగితే నాకే నేరుగా వ్రాయండి' అని రెండు వాక్యములు వ్రాసి పంపెనట. రాత్రి తొమ్మిదింటికి అక్కయ్య అన్నము పెట్టి పిలిచినది. "వస్తున్నానమ్మా" అనెనే కాని కుర్చీనుండి లేవలేదు. తంబోలాలో జల్దీ ఫైవ్ బహుమతి ఎవరికి వచ్చినదని తరువాత అడిగితిని. తెలియదనెను.