అడుగుకు పన్నెండు అడుగులు

అనంతపురంలో ఇప్పుడు ఏ కొత్త ఆఫీసు కట్టినా మెట్ల పక్కన ర్యాంపు పోస్తున్నారు. సంతోషమే. కానీ బేల్దారి మేస్త్రీని కాబట్టి నా కన్ను ముందు దాని వాలు మీద పడుతుంది. చాలావాటిని చూస్తే కడుపు మండుతుంది. స్కూటరు ఎక్కించుకోవడానికి పోసిన కాంక్రీటుకే చక్రాల కుర్చీ బొమ్మ అతికించి వదిలేస్తున్నారు.

లెక్క సులువు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. కేంద్రం మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే. ఆరంగుళాల మెట్లు మూడుంటే పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలి. మనవాళ్లు ఆరడుగుల్లో ముగించేస్తారు. ‘చోటేదీ మేస్త్రీ?’ అంటారు. చోటు చాలకపోతే మధ్యలో చదునుగా ఆపి, వెనక్కి మలపొచ్చు. అది ప్లాను గీసేటప్పుడే అనుకోవాలి, బేస్‌మెంట్ లేచాక కాదు.

ఇక పాలిష్ బండ. తాడిపత్రి బండ మన జిల్లాది, ఇంట్లో పరుచుకుంటే నాకూ ఇష్టమే. ర్యాంపు మీద మాత్రం అద్దంలా మెరిసే బండ వద్దు. వాన తక్కువ సీమే అయినా, పేరుకున్న దుమ్ము మీద కూడా ఊతకర్ర జారుతుంది. బండ గరుకుగా ఉండాలి, లేదా అడ్డంగా గాట్లు కొట్టాలి.

మొన్న ఒక ఆఫీసు ముందు ఓ పెద్దమ్మ వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం కాగితాలు ఒళ్లో పెట్టుకుని కుర్చీలో ఉంది. కొడుకు వెనకనుంచి తోస్తున్నాడు. నిట్రంగా ఉన్న ఆ వాలు మీద ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. పట్టుకుందామంటే పక్కన కమ్మీ లేదు. ‘అన్నా, ఒక చెయ్యి వెయ్యన్నా’ అన్నాడు. ఇద్దరం కుర్చీతో సహా ఆమెను మోశాం. ఆమె సిగ్గుతో తల ఎత్తలేదు.

నిజానికి ర్యాంపు సిగ్గుపడాల్సిన దారి కాదు. అహ్మదాబాద్‌లో 1954లో పూర్తయిన మిల్లు యజమానుల సంఘం భవనానికి ఆర్కిటెక్టు లె కార్బూజియే వీధి వైపే పొడవాటి ర్యాంపు పెట్టాడు. వచ్చినవాళ్లు దాని మీదుగానే లోపలికి వెళ్తారు. ఆ భవనానికి అందమే అది. మన దగ్గర జనరేటరు పక్కన, తాళం వేసిన వెనక గుమ్మానికి పెడతారు.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. పాత ప్రభుత్వ భవనాలను సరిచేయడానికి ఇచ్చిన ఐదేళ్ల గడువు 2022లోనే ముగిసింది. తప్పనిసరి ప్రమాణాలు పెట్టమని సుప్రీంకోర్టు 2024 నవంబరులో కేంద్రాన్ని ఆదేశించింది.

ఇంజినీరు సార్లకు నా విన్నపం ఒక్కటే. బిల్లు మీద సంతకం పెట్టే ముందు టేపు పట్టి ర్యాంపు కొలవండి. అడుగుకు పన్నెండు రాకపోతే పగలగొట్టించి, కాంట్రాక్టరు ఖర్చుతోనే మళ్లీ కట్టించండి.